పాటపై ప్రేమయా? ప్రాయముపై మమకారమా?

నలువది ఏండ్ల ప్రాయము దాటుచున్న మన బిడ్డలు నేడు పెండ్లిండ్లలోను, పండుగ కూడికలలోను "పాత పాటలు" కావలెనని అడుగుచున్నారు. పాత పాటలనగా మా తరమువారికి ఘంటసాల, లీల, సుశీల జ్ఞప్తికి వత్తురు. వారు కోరునవి అవి కావు. 1996 మొదలు 2000 వఱకు వెలువడిన సినిమా పాటలు వారికి పాత పాటలైనవి. ఆ వాద్యము మొదలగుటయే తడవుగా వారి ముఖములు మాఱును. కొందఱి కన్నులు చెమ్మగిల్లును. ఇది చూచి నవ్వుకొను పెద్దలును కలరు, విసుగుకొను పెద్దలును కలరు. నవ్వుటకును విసుగుకొనుటకును ముందు విచారింపదగిన ప్రశ్న యొకటి ఇందు కలదని మాకు తోచినది. వారు ప్రేమించుచున్నది ఆ పాటనా? ఆ పాట వినిన నాటి తమ ప్రాయమునా? రెండవదే నిజమైనచో ఆ పాటకు మనము విలువ నీయవలెనా, వలదా?

ముందుగా ఆనాటి స్థితి చెప్పవలెను. అప్పటికి చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు కోలారు జిల్లాలోనివి. 2007లో గాని చిక్కబళ్లాపురము వేఱు జిల్లా కాలేదు. మన ఇండ్లలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడము. కన్నడము ఈ నేల భాష, కచ్చేరీ భాష, జీవనోపాధి భాష. దానిని మన బిడ్డలు చక్కగా నేర్చుట ఎంతయు సబబు. కాని దానివలన తెలుగు మనకు నోటి భాషగా నిలిచెనే గాని చేతి భాషగా నిలువలేదు. తెలుగు అచ్చు చదువగలవారు ఇంటికొకరుండిన గొప్ప, వారును తాతలే. ఇట్టి ఇండ్లకు పాట దారుల వెంట వచ్చినది. బాగేపల్లి బెంగుళూరు–హైదరాబాదు రహదారి మీద, ఆంధ్ర సరిహద్దు నానుకొని యున్నది. చింతామణినుండి మదనపల్లెకు బాట. హిందూపురము మనకు దూరము కాదు. బస్సు, లారీ ఏది వచ్చినను వానితో పాట వచ్చెడిది.

పాటను మోసిన బండి క్యాసెట్టు. ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన ఆ చిన్న డబ్బా మన దేశమున 1980ల తరువాత చౌకయై, ఆ శతాబ్దపు చివరకు కూలివాని ఇంటికిని చేరెను. అరువది నిమిషముల క్యాసెట్టులో ప్రక్కకు ముప్పది నిమిషములు, అనగా ప్రక్కకు ఆఱు పాటలు. కుఱ్ఱవాండ్రు కోరిన పాటల పట్టీ వ్రాసి, ఖాళీ క్యాసెట్టుతో రికార్డింగు అంగడిలో నిచ్చి, రెండు దినములకు పోయి తెచ్చుకొనెడివారు. పన్నెండు పాటలకే చోటు. కావున ఏది ఉంచవలెను, ఏది విడువవలెననుటపై అన్నదమ్ములకు జగడములు జరిగెడివి. ఆ పట్టీలో తెలుగు ప్రక్కనే కన్నడము. "ప్రేమదేశము" ప్రక్కన "జనుమద జోడి"; రెండును 1996 నాటివే. ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము రెండు భాషలలోను పాడెను గనుక గొంతు మాఱకయే భాష మాఱెడిది. పట్టుదారము తీయు కొట్టములలో పగలెల్ల టేపురికార్డరు మ్రోగుచుండెడిది. టేపు చిక్కుపడినచో పెన్సిలు దూర్చి త్రిప్పుటలో ఆఱేండ్ల పిల్లవాడును నేర్పరి.

ఆ పాటలు ఎట్టివి? అన్నియు ఒక్క తీరువి కావు. 1996లో "పెండ్లిసందడి", "నిన్నే పెళ్లాడతా". 1997లో "ప్రేమించుకుందాం రా". 1998లో "తొలిప్రేమ", "చూడాలని వుంది". ఇట్లు వరుసగా వచ్చిన చిత్రముల పాటలలో సగము మఱచిపోదగినవని మా అభిప్రాయము. వరుస ముందు కట్టి, ఆ వరుసలో మాటలను కూరుటయే అప్పటికి వాడుక. దిగుమతి చిత్రములందైతే అఱవ పెదవులకు తెలుగు మాటలను అతుకవలసి వచ్చెడిది. అతుకులు చెవికి తెలియుచునే యుండెను. వాద్యముల హోరులో మాట మునిగిపోవుటయు కద్దు. అయినను అదే కాలమున, స్వాతంత్ర్యము వచ్చి యేబది యేండ్లు నిండిన 1997లో, "సింధూరం" చిత్రమునకు సిరివెన్నెల సీతారామశాస్త్రి ఆ స్వాతంత్ర్యమునే నిలదీయు పాట వ్రాసెను. ఆ ఏటనే "ఒసేయ్ రాములమ్మా" పాటలు పల్లె గొంతుకతో వచ్చి పల్లెలను కదలించినవి. ఆ ఏటనే "అన్నమయ్య" వచ్చినది. ఈ కడపటిదానిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను.

తాళ్లపాక అన్నమాచార్యుని కీర్తనలు తిరుమల కొండపై రాగిరేకులలో దాగి యుండి, వెలికి వచ్చిన తరువాత పండితుల చేతులలో అచ్చైనవి. అనంతపురము మండలమున పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో చిరకాలము తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తిరుపతికి వెళ్లి వానిలో పెక్కింటికి స్వరములు కూర్చెను. మన మైసూరు సీమకును తెలుగునకును వంతెన వంటి ఆ మహనీయుని శ్రమ ఎంత గొప్పదైనను, ఆ సంపుటములు మన పల్లెలకు రాలేదు. వచ్చినను చదువగలవారు లేరు. 1997లో కీరవాణి సంగీతముతో ఆ చిత్రము వచ్చి, దాని క్యాసెట్టు అరుగు మీద మ్రోగిన పిమ్మటనే మన ఇండ్లలోని పిల్లలు అన్నమయ్య పేరెఱిగిరి. ఆ సంగీతమునకు జాతీయ పురస్కారమును లభించెను. శాస్త్రజ్ఞులు దానిని సినిమాకట్టు అని పెదవి విఱిచిన విఱువవచ్చును. రాగిరేకులు చేయలేని పని ప్లాస్టికు డబ్బా చేసెననుట మాత్రము కాదన వీలులేదు.

ఇక ఆక్షేపణకు వత్తము. "సినిమా పాట మన అభిరుచిని చెఱచును" అనుమాట క్రొత్తది కాదు. 1952లో కేంద్రమున సమాచార శాఖ మంత్రియైన బి. వి. కేస్కరు శాస్త్రీయ సంగీతమును పోషించు తలంపుతో ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు తగ్గించెను. జనులు ఊరకుండిరా? సూదిని త్రిప్పి సిలోను రేడియో వినసాగిరి. తుదకు 1957 అక్టోబరు 3న వివిధ భారతి ప్రారంభమయ్యెను. అది "మల్లీశ్వరి", "పాతాళభైరవి", "దేవదాసు" వెలువడిన కాలము. ఆ పాటలను నేడు మనము తలపై పెట్టుకొనుచున్నాము.

దీనిని చూపి కొందఱు "చూడుడు, ప్రతి తరమును తరువాతి తరపు పాటను నిందించుచునే యుండును, కావున నింద యెల్ల వట్టిది" అని తీర్పు చెప్పెదరు. మేమీ వాదమును ఒప్పుకొనము. 1952 నాటి పాటలన్నియు నిలువలేదు. ఆ కాలపు పొల్లును కాలమే చెఱిగి పాఱవేసినది. మిగిలిన గింజలను చూచి పంట యెల్ల గింజలే యనుకొనుచున్నాము. నిన్నటి నింద తప్పైనంత మాత్రమున నేటి నింద తప్పు కానక్కఱలేదు. ఏ పాటకాపాటను విడిగా తూచవలసినదే.

తూచువాడెవడు? ఇక్కడనే చిక్కు. శాకుంతలమున హంసపదిక పాట వినిన దుష్యంతుడు, తనకు ప్రియజన వియోగమేదియు లేకున్నను ఏలనో వ్యాకులపడును. పూర్వజన్మపు స్నేహములేవో మనస్సున మెదలుచున్నవేమో యని తలపోయును. వియోగము లేదని అతడనుకొనెనే గాని వియోగము కలదు, శాపమువలన మఱచెను. పాట ఆ మఱపునకు అడుగున నున్నదానిని తాకినది. నేటి మనశ్శాస్త్రజ్ఞులును ఒక మాట చెప్పుచున్నారు. ముదిమిలో మనుష్యునకు ఎక్కువగా జ్ఞప్తికి వచ్చునవి తన పదవ ఏటికిని ముప్పదవ ఏటికిని నడుమ జరిగిన సంగతులట. కావున ఆ వయస్సున వినిన పాటకు, దాని గుణముతో నిమిత్తము లేకయే, ఒక కొలువు దొరకును. మా తరమువారు ఘంటసాలను మెచ్చుటలోను ఈ పాలు కలదు. ఎంత పాలో చెప్పుట కష్టము.

అట్లైనచో మన బిడ్డల కన్నీరు వట్టి భ్రమయా? కాదని మా నమ్మకము. మేము చాల ఏండ్లు గుమాస్తాగా లెక్కల పుస్తకములు వ్రాసినవారము. ఒక పద్దును మఱియొక పద్దులో కలిపినచో ఏటి చివర లెక్క తేలదు. ఇక్కడ జరుగుచున్నదియు అదియే. "ఇది మేలైన పాట" అనునది ఒక పద్దు. "ఇది నాకు మేలు చేసిన పాట" అనునది వేఱొక పద్దు. మొదటిది మెచ్చుకోలు, రెండవది కృతజ్ఞత. తల్లి గెలికిన సంగటిని తలచుకొని కంట తడిపెట్టు కొడుకు, లోకములో దానిని మించిన వంట లేదని వాదించుట లేదు. వాదించినచో నవ్వవచ్చును. తలచుకొనుటను చూచి నవ్వు హక్కు మాత్రము ఎవనికిని లేదు. నలువది యేండ్లవాడు "ఆ రోజుల పాటయే పాట, నేటివి పాటలా?" అనుట మెచ్చుకోలు పద్దులో దొంగలెక్క. "ఆ పాట విని నేను పెరిగితిని" అనుట కృతజ్ఞత పద్దులో సరియైన లెక్క. వానితో జగడమాడు పెద్దలును ఈ రెండు పద్దులనే కలుపుచున్నారు. పాట అల్పము గనుక మమకారమును అల్పమే యనుచున్నారు.

ఇందులో మఱియొక వింత కలదు. "ఆర్.ఆర్.ఆర్." లోని పాటకు 2023లో కీరవాణికిని, చంద్రబోసుకును ఆస్కారు లభింపగానే, అంతకు ముందు సినిమా పాటయనిన ముక్కు విఱిచిన వారు పలువురు ఛాతీ విఱుచుకొని తిరిగిరి. పురస్కారము సంతోషించదగినదే. కాని లాసేంజిలెసు వారు మెచ్చిన పిదప తెలియు మన పాట విలువ, మన అరుగు మీద మ్రోగునప్పుడు ఏల తెలియదో! టాల్‌స్టాయి తన కుమార్తె పెండ్లియైన పిదప ఆమెకు స్వాగతముగా రైతు స్త్రీలు కొడవండ్లు మ్రోగించుచు పాడిన పాటను బీథోవెను సొనాటా కంటె నిజమైన కళగా నెంచెను. ఆయన తీర్పు పూర్తిగా ఒప్పుకొనుటకు మాకు ధైర్యము లేదు. అయినను అరుగు మీద కూర్చుండి తీర్పు చెప్పు ధైర్యము ఆయనకు ఉండెనని మెచ్చుకొందుము.

మన సరిహద్దు ఇండ్లకు వచ్చునప్పటికి కృతజ్ఞత పద్దు ఇంకను పెద్దది. హైదరాబాదు పిల్లవానికి ఆ పాట వినోదము మాత్రమే. తెలుగు వానికి బడిలోను, వీధిలోను దొరకును. బాగేపల్లి పిల్లవానికి ఇంటి గడపకు వెలుపల దొరకిన తెలుగులో అధిక భాగము ఆ పాటయే. వెన్నెల, మౌనము, విరహము, ఊహ మొదలగు మాటలు మన ఇండ్లలో ఎవరును వాడరు. అవి పాట నుండి వచ్చినవి. నష్టమును లేకపోలేదు. "యాడికి పోతాండావు?" అను అవ్వ మాటను, పాటలోని తెలుగు నేర్చిన మనుమడు మోటు మాటయని నవ్విన ఇండ్లు కలవు. క్యాసెట్టు మనకు తెలుగు నిచ్చినది గాని అది మన తెలుగు కాదు. ఇచ్చినదానిని స్మరించుచు, పోయినదానిని దాచుట ధర్మము కాదు.

పోయినది ఇంకొకటి కలదు. మా దృష్టిలో అది ఇంకను గొప్ప నష్టము. చింతామణి తాలూకా కైవారమున వెలసిన నారేయణ యతీంద్రులు, మనవారు భక్తితో కైవార తాతయ్య యనువారు, గాజులమ్మి జీవించిన సంసారియై యుండి యోగియైరి. తెలుగునను, కన్నడమునను వారు కీర్తనలు పాడిరి. అక్షరము రాని వాని నోటను ఆ కీర్తనలు నిలిచినవి. అదియు ఆ కాలపు జనుల పాటయే. కాని దానిని వినుటకు ఎవడో ఒకడు పాడవలెను; భజనలో పది మంది అందుకొనవలెను. తప్పుగా పాడినను పాడవలసినదే. క్యాసెట్టు వచ్చిన పిదప పాట చెవి వస్తువైనది. మంచి గొంతు డబ్బాలో దొరకుచుండగా, గొగ్గొరు గొంతుతో పాడుటకు సిగ్గు పుట్టెను. పెండ్లిలో ముత్తయిదువల పాట ఆగి మైకు పాట మొదలయ్యెను. సినిమా పాటలోని శృంగారమును నిందించువారు ఈ నష్టమును ఎన్నడును చెప్పరు. వారి భజనమందిరములలోను నేడు మ్రోగునది యంత్రమే.

ఇందులకు ప్రతిగా ఒక మాట చెప్పనిచో అన్యాయమగును. ఆ పిల్లలు పూర్తిగా నోరు మూసికొనలేదు. తెలుగు లిపి రాని మన ఆడపిల్లలు పలువురు, టేపును ఆపి ఆపి వినుచు, తెలుగు పాటను కన్నడ అక్షరములలో నోటుబుక్కులలో వ్రాసికొనిరి. రెండు లిపులును అప్పచెల్లెండ్రు గనుక మాట చెడలేదు. పాఠము వ్రాయుటకు బద్ధకించిన చేతులే ఈ వ్రాత వ్రాసినవి. ఎవరును చెప్పలేదు, మార్కులు లేవు. మధ్యాహ్నమున మిద్దె మెట్ల మీద నలుగురు కూడి ఆ పుస్తకము చూచి పాడెడివారు. భజనకును దీనికిని భేదము మాకంతగా కనబడుట లేదు.

ఆ క్యాసెట్టులు నేడు అటకల మీద బూజు పట్టియున్నవి. టేపు జిగురై అంటుకొనినది. మ్రోగించు యంత్రమును లేదు. నోటుబుక్కులు మాత్రము ఇంకను చదువ వీలుగా నున్నవి. అట్టి పుస్తకములను మన సంఘమువారు ఇల్లిల్లు తిరిగి సేకరించినచో బాగుండునని మనవి. అందులకు కారణము పాటల గొప్పతనము కాదు. మేము చూచిన ఒక పుస్తకమున, క్యాసెట్టులో గాయని "ఎందుకు" అని స్పష్టముగా పాడిన చోటునెల్ల, ఆ పిల్ల కన్నడ అక్షరములలో "యాల" అని వ్రాసికొనియున్నది.