పునాదికి ముందు



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. పెళ్ళి సంగతి మరొక వారం చూద్దాం. శంకుస్థాపన ప్రార్థనకు పిలిచినవారిని నేను మొదట అడిగేది ప్లాను, ఎస్టిమేటు చూపమని. చాలామంది నవ్వి, "అన్నీ దేవుడే చూసుకుంటాడు, ఫాదర్" అంటారు. ఈ మాట విశ్వాసమా, బద్ధకమా?

లూకా సువార్త 14వ అధ్యాయంలో, గోపురం కట్టబోయి పునాదితో ఆగి నవ్వులపాలైన మనిషిని క్రీస్తు ప్రభువు మన ముందుంచారు. ఆయన చెప్పదలచింది శిష్యులు చెల్లించవలసిన మూల్యం గురించేగాని ఇటుకల లెక్క గురించి కాదు, నిజమే. అయినా లెక్క చూచుకోవడం అవిశ్వాసమే అయితే ఆ పోలికను ఎన్నుకొని ఉండేవారు కాదు. పునీత తోమాసు అక్వినాసు వారు 13వ శతాబ్దంలో వివేకాన్ని గురించి వ్రాస్తూ, ముందుచూపు అందులో ముఖ్యభాగమన్నారు. లాటిన్‌లో ముందుచూపుకూ, దేవుని సంరక్షణకూ వాడే మాట ఒక్కటే: ప్రొవిదెన్సియా. దేవుడు చూసుకుంటాడనే మనిషి తానూ కాస్త ముందుకు చూడాలి కదా!

నష్టపోయేది ఇంటి యజమాని ఒక్కడే అయితే దీన్ని నైతిక సమస్య అననవసరం లేదు. కాని డబ్బు చాలనపుడు ముందుగా ఆగేది ఏది? శనివారం కూలీలకు అందవలసిన బట్వాడా. ఆ తరువాత పిల్లల ఫీజు. గోడ లేచాక "ఈ గుమ్మం ఇక్కడ కాదు" అని పగులగొట్టించేవారున్నారు. (ప్రార్థనకు గురువును, గుమ్మం మార్చడానికి వాస్తు పండితుణ్ణి పిలిచే కుటుంబాలు మన విచారణలలో లేకపోలేదు!) ఇటుక కాల్చినవారి చెమట, ఏటి ఇసుక చెత్తకుప్ప పాలవుతాయి. అదే గోడను కాగితం మీద జరపడానికి రబ్బరు ముక్క చాలు.

2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుపై జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. అలాంటివి మన చేతిలో లేనివి. ఇంటి ఆకారం మాత్రం మన చేతిలోదే. 30 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల ఇల్లు 900 చదరపు అడుగులు. చుట్టు గోడ 120 అడుగులు. 60 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పుతో కట్టినా అదే 900. గోడ మాత్రం 150 అడుగులు! ఆ 30 అడుగులకు పునాది, ప్లాస్టరింగు, సున్నం అన్నీ అదనం. స్థలం సన్నగా ఉంటే తప్పదనుకోండి. వంటగది, స్నానాలగది ఒకే గోడకు అటూ ఇటూ పెడితే పైపులు తగ్గుతాయి.

ఇంగ్లండులో పుట్టి, తిరువనంతపురంలో స్థిరపడి, 2007లో మరణించిన లారీ బేకరు గారు ఈ విద్యలో ఆరితేరినవారు. ఆయన క్వేకరు సంఘీయులు. అయినా తిరువనంతపురంలో లొయోలా ప్రాంగణంలోని చాపెలును కట్టింది ఆయనే. ఇటుకలను పక్కకు నిలబెట్టి, నడుమ ఖాళీ వదిలి గోడ కట్టించేవారు. దానివలన ఇటుకలు దాదాపు నాల్గవ వంతు ఆదా. గోడ లోపలి గాలి వేడిని ఆపుతుంది. స్లాబు అడుగున లాగుడును తట్టుకునేవి ఇనుప చువ్వలు. అక్కడి కాంక్రీటుకు పని తక్కువ. ఆ చోట పెంకులు అమర్చి కాంక్రీటు మిగిల్చేవారు. ఇది ఇంజనీరు లెక్క కట్టి చేయించవలసిన పని, మేస్త్రీ ఊహకు వదలవద్దు. బేకరు గారి పొదుపులో పిసినారితనం లేదు. పని చేయని వస్తువును ఇంట్లో పెట్టకపోవడమే ఆయన పద్ధతి. పక్కింటివారి ఎలివేషన్ కంటే మనది ఒక అడుగు ఎత్తుండాలనే కోరిక ఏ పని చేస్తుందో మీరే చెప్పండి.

"చేతిలో ఒక గదికే డబ్బుంది ఫాదర్, మాకెందుకు ప్లాను?" అనేవారికే అది ఎక్కువ అవసరం. మూడు గదుల ఇల్లూ ఇప్పుడే గీయించండి. మెట్లు ఎక్కడ వస్తాయో, మరుగుదొడ్డి నీళ్ళు ఎటు పోతాయో గుర్తించండి. ఒక్క గదే కట్టి, రేపటి గోడ కలిసేచోట ఇటుకలను ఒకటి విడిచి ఒకటి బయటికి వదలమని మేస్త్రీకి ముందే చెప్పండి.