తనకు తానే తీర్పు



ప్రేమించినవారికి మన పతనమును తెలియనీయక తొలగిపోవుట ప్రేమ యగునా? "వాటర్లూ బ్రిడ్జ్" అను చిత్రము ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది. రాబర్ట్ షెర్వుడ్ రచించి, 1930లో ప్రదర్శింపబడిన నాటకము దీనికి మూలము. 1931లో ఒకమారు చిత్రముగా వెలువడినది. మేము చెప్పబోవునది 1940లో మెర్విన్ లెరాయ్ దర్శకత్వమున వచ్చినది.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున, లండనులో, నాట్యకత్తెయైన మైరాయు సైనికాధికారియైన రాయ్‌యు ప్రేమించుకొనిరి. పెండ్లికై దేవాలయమునకు పరుగెత్తిరి. కాని మూడు గంటలు దాటినందున చట్టమొప్పదనియు, మరునాడు రమ్మనియు పాదిరిగారు చెప్పిరి. ఆ రాత్రియే రాయ్ యుద్ధమునకు పోవలసివచ్చెను. అతనిని సాగనంపబోయి ప్రదర్శనకు రానందున మైరా కొలువు పోయెను. పిమ్మట పత్రికలో, మృతుల జాబితాలో, అతని పేరు కనబడెను. లేమికి తాళలేక ఆమె తన దేహమునే అమ్ముకొనెను.

అయితే రాయ్ బ్రదికి తిరిగివచ్చెను! మైరా అతని తల్లికి సంగతి తెలియజేసెను గాని, అతనికి చెప్పవద్దని వేడుకొని వెళ్లిపోయెను. తుదకు ఆ వంతెనమీద సైనికుల బండ్లకు ఎదురేగి ప్రాణము విడిచెను.

ఆకలి నెరుగనివారు ఆమెపై రాయి వేయుట సులభము. మేము వేయము. కాని ఒక మాట ఆలోచింపవలెను. క్షమించుటయో మానుటయో రాయ్ వంతు. అతని నడుగకయే ఆమె తీర్పు చెప్పుకొనెను. 1939లో మరల యుద్ధము వచ్చిననాడు అతడు ఆమె యిచ్చిన చిన్న బొమ్మను చేతబట్టుకొని, ఆ వంతెనమీదనే నిలిచియుండుట చిత్రములో చూతుము. ఆమె తప్పింపదలచిన దుఃఖము అతనికి తప్పినదా?

లూకా సువార్త 15వ అధ్యాయములోని చిన్న కుమారుడును తన తీర్పును తానే సిద్ధపరచుకొని బయలుదేరెను; కూలివానిగానైన బ్రదుకుదుననుకొనెను. అయితే ఆ తీర్పును ఇంటికే తీసికొనిపోయెను. తండ్రి దానిని ముగియనీయలేదు. సిగ్గు ఇద్దరికిని కలదు. ఒకని సిగ్గు తండ్రి యొద్దకు నడిపించెను. ఒకతె సిగ్గు వంతెనకు నడిపించెను.

అయితే తప్పు సిగ్గుపడినవారిదేనా? అట్టి భారముతో ఒకరు నేడు మన గుమ్మమునకు వచ్చినయెడల, కూర్చుండబెట్టి విందుమా? లేక మూడు గంటలు దాటినవని చెప్పుదుమా?