రెండు అయనాల పక్షి



భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకు తన 24 మంది గురువుల గురించి చెబుతాడు కదండీ. అందులో పావురం ఒకటి. పిల్లలు వలలో పడితే తల్లి పావురం, దాని వెనకే తండ్రి, తెలిసి తెలిసి ఆ వలలోనే పడతాయి.

ఏఎస్ రావు నగర్‌లో ఈ కథ చెబితే కళ్లు తుడుచుకునేవాళ్లు ఎక్కువ. ఈసీఐఎల్‌లో పనిచేసి పిల్లల్ని చదివించారు, ఆ పిల్లలు ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. "దిగులు పడటం తప్పా గురువుగారూ?" అని ఒక అమ్మ అడిగారు.

నేను ఇంకో పక్షి సంగతి చెప్పాను. ఆర్కిటిక్ టెర్న్. బరువు వంద గ్రాములంతే. నల్ల టోపీ పెట్టినట్టు తల, ఎర్రటి ముక్కు, పొట్టి కాళ్లు, చీలిన తోక. ఉత్తర ధ్రువం వైపు వేసవిలో పిల్లల్ని చేసి, అక్కడ చీకట్లు ముసిరేలోగా దక్షిణ ధ్రువానికి బయల్దేరుతుంది. అప్పుడక్కడ వేసవి. అయనాలు మనకు పంచాంగంలో ఉంటాయి, దానికి రెక్కల్లో ఉన్నాయి! గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్‌లలో 11 పక్షుల ప్రయాణం లెక్కకడితే సగటున ఏడాదికి 70,900 కిలోమీటర్లు తేలింది. 2010లో ప్రచురించారు.

కాలికి 1.4 గ్రాముల పరికరం కట్టారు. అది వెలుతురును మాత్రమే రాసుకుంటుంది. పగటి పొడవును బట్టి అక్షాంశం, మిట్టమధ్యాహ్నం ఎప్పుడయిందో బట్టి రేఖాంశం. మన పంచాంగకర్తలకు ఇదేం కొత్త లెక్క కాదు. కానీ ఆ పరికరం కబురు పంపదు. పక్షి తిరిగొచ్చి చేతికి చిక్కితేనే తెలిసేది. కట్టినవన్నీ చేతికి రాలేదు కూడా.

దిగులు తప్పు కాదమ్మా. అవధూత వద్దన్నది వలలో పడటాన్ని. పిల్లలు దగ్గర లేరని అన్నం, బీపీ మాత్రలు మానేయడం ఆ వలలో పడటమే. సాయంత్రం దీపం పెట్టే వేళకు వాళ్లకక్కడ తెల్లవారుతుంది. ఆ సూర్యుడికే దణ్ణం పెట్టి, అన్నం తిని, అప్పుడు ఫోన్ చేయండి.