చలి, చైను, తితిక్ష

భగవద్గీతలో శ్రీకృష్ణుడి ఉపదేశం రెండో అధ్యాయం పదకొండో శ్లోకంతో మొదలవుతుంది. శోకించదగనివారి కోసం శోకిస్తున్నావన్నాడు. మనం లేని కాలమంటూ ఎన్నడూ లేదన్నాడు. దేహం మారినా దేహి మారడన్నాడు. అంత ఎత్తున నిలబడి మాట్లాడినవాడు, వెంటనే పద్నాలుగో శ్లోకంలో చలి దగ్గరికి దిగాడు. ఇంద్రియాలు విషయాలను తాకడం వల్ల శీతోష్ణాలు, సుఖదుఃఖాలు కలుగుతాయని, అవి వచ్చిపోయేవే గాని నిలిచేవి కావని, ఓర్చుకోమని అన్నాడు. బాణాలు దూసుకురానున్న చోట చలి మాట ఎందుకన్న సందేహం సహజమే. బాణం ఎప్పుడో ఒకసారి తగులుతుంది. చలీ వేడీ ప్రతిరోజూ తగులుతూనే ఉంటాయి. రోజూ ఎదురయ్యేదాని దగ్గరే సాధన మొదలుకావాలి.

ఈ శ్లోకాన్ని మననం చేసుకోవడానికి ధనుర్మాసం తగిన కాలం. కోవెలలో తిరుప్పావై పాశురం మొదలయ్యే వేళకే హైదరాబాద్ శివార్లలో చిన్న చిన్న ఎర్రదీపాలు మిణుకుమంటూ సాగిపోతుంటాయి. సరదాకు సైకిల్ తొక్కేవారి వెనక దీపాలవి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 2023లో తయారైన 23 కిలోమీటర్ల సైకిల్ దారికి కొందరు వెళతారు. ఇంకొందరు వికారాబాద్ దాటి, మూసీ పుట్టిన అనంతగిరి కొండల దాకా పోతారు. విశాఖ వైపువారికి నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కి లంబసింగి చేరడం ఒక ముచ్చట. నగరంలో 14, 15 డిగ్రీలున్న తెల్లవారుజామున పటాన్‌చెరు వైపు 10కి దిగువకు పడిపోవడం మామూలే. లంబసింగిలోనైతే గడ్డి మీద మంచు పేరుకునే రాత్రులూ ఉంటాయి. వీళ్లలో ఉద్యోగులుంటారు, వైద్యులుంటారు, రిటైరైనవాళ్లుంటారు. ఎవరూ పొమ్మనకుండానే దుప్పటి తీసి చలిలోకి నడుస్తారు. ఆకలిదప్పులు, శీతోష్ణాలు వంటి ద్వంద్వాలను సహించడమే తపస్సని యోగసూత్రాలకు వ్యాసభాష్యం చెబుతోంది. ఆ లెక్కన ఇదీ తపస్సేనా?

దానికి జవాబు వెతికే ముందు, చలి అంటే ఏమిటో చూడాలి. గీతాశ్లోకానికి శంకరులు రాసిన భాష్యంలో ఒక సూక్ష్మం ఉంది. శీతోష్ణాలు చెప్పాక సుఖదుఃఖాలను మళ్లీ వేరుగా చెప్పడం దేనికి? శీతం ఒకప్పుడు సుఖమిస్తుంది, ఒకప్పుడు దుఃఖమిస్తుంది, ఉష్ణమూ అంతే, వాటి స్వభావానికి నియతి లేదు. సుఖదుఃఖాలు అలా మారేవి కావు కనుక వేరుగా చెప్పారని ఆచార్యులు తేల్చారు. అనంతగిరి ఘాట్ ఎక్కి దిగినవారికి ఈ భాష్యం వేరే వివరించనక్కర్లేదు. ఎక్కుతున్నప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో సుమారు నాలుగో వంతే పెడల్‌కు చేరుతుంది, మిగిలినదంతా ఒంట్లో వేడిగా మారుతుంది. అప్పుడు అదే చలిగాలి చందనంలా హాయిగా ఉంటుంది. కొండకొమ్ము తిరిగి దిగడం మొదలుపెట్టగానే కాళ్లకు పని ఉండదు, చెమటకు తడిసిన చొక్కా ఒంటికి అంటుకుంటుంది, వేగం రెట్టింపవుతుంది. ఇందాకటి హాయి ఇప్పుడు ఎముకలు కొరుకుతుంది. ఈ కాసేపట్లో గాలి మారలేదు, కొండ మారలేదు. మారింది తాకిడి ఒక్కటే.

ఇంకొంచెం లోపలికి చూస్తే మరో సంగతి. ఆకు కదలని వేకువలో కూడా గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి అంతే వేగంతో గాలి ఎదురొస్తుంది. ఆ గాలిని ఎవరూ పంపలేదు. అతడి వేగమే అతడికి ఎదురుగాలి అయింది. మనకు కలిగే ద్వంద్వాల్లో ప్రకృతి ఇచ్చినవి కొన్నయితే, మన పరుగు పుట్టించినవి కొన్ని. మొదటివాటిని ఓర్చుకోమని చెప్పవచ్చు. రెండోవాటికి ఓర్పు ఒక్కటే మందా, వేగం తగ్గించుకోవడం కూడా మందేనా అని విచారించాలి. ఆ విచారణ లేని ఓర్పు మొండితనమే అవుతుంది.

వేదాంతంలో ఈ ఓర్పుకు తితిక్ష అని పేరు. శమ దమాలతో మొదలయ్యే షట్కసంపత్తిలో ఇదొకటి. తితిక్ష అంటే ఏమిటని అడిగి, శీతోష్ణాలను సహించడమని ఆ శీతంతోనే జవాబు మొదలుపెడుతుంది తత్త్వబోధ. వివేకచూడామణి చెప్పిన లక్షణం మరింత కఠినం. ఎదురుచర్యకు పూనుకోకుండా, చింతా విలాపమూ లేకుండా దుఃఖాలన్నిటినీ సహించడమే తితిక్ష అంటుంది. ఇక్కడ సైకిల్ తొక్కే సాధకుడికి చిక్కు వస్తుంది. ప్రతీకారం కూడదంటే చేతికి గ్లౌజులు వేసుకోవచ్చా? విండ్‌చీటర్ తొడుక్కోవచ్చా? ఐరోపా కొండల్లో పందెం సైకిలిస్టులు శిఖరం మీద న్యూస్‌పేపర్ అందుకుని, చొక్కా కింద ఛాతీకి అడ్డం పెట్టుకుని దిగేవారు. అది తితిక్షకు లోటా?

దీనికి గీతలోనే సమాధానం ఉంది. పదిహేడో అధ్యాయం తపస్సును మూడుగా విడదీసింది. వాటిలో రెండు ఇక్కడ పనికొస్తాయి. సత్కారం కోసం, పేరు కోసం, దంభంతో చేసేది రాజసం. మూఢమైన పట్టుదలతో తనను తాను హింసించుకునేది తామసం. చేతులు కొంకర్లు పోతున్నా గ్లౌజులు వద్దనేవాడి బింకం రెండో కోవలోకి వస్తుంది. చలి పెరిగితే ఒంట్లోని నెత్తురు గుండె, ఊపిరితిత్తుల రక్షణకు లోపలికి తగ్గి, వేళ్లు మొద్దుబారతాయి. మొద్దుబారిన వేళ్లు సమయానికి బ్రేకు పట్టవు. అప్పుడు ఆ తపస్సు ఫలం దారిన పోయే మరొకరికి తగులుతుంది. ఇక ఇల్లు చేరగానే, చెమట ఆరకముందే స్ట్రావా యాప్‌లో దూరం, వేగం, ఉష్ణోగ్రత అందరికీ చూపించాలన్న ఆత్రం మొదటి కోవలోది. అదే చలిలో, అదే దారిలో, హ్యాండిల్‌కు పత్రికల కట్ట వేలాడదీసుకుని వీధి వీధీ తిరిగే కుర్రాడి ఓర్పును లెక్కకట్టేవారు లేరు. తపస్సు కొలతను వ్యాసభాష్యమే ఇచ్చింది. చిత్తప్రసాదానికి భంగం కలగనంత మేరకే తపస్సు చేయాలంది. చలిలో తిరిగొచ్చిన మనిషి ఇంట్లో చిరాకుపడితే ఆ పూట తపస్సు గాడి తప్పినట్టే.

అయితే తితిక్ష ఎక్కడ మొదలవుతుంది? చేయగలిగిందంతా చేశాక మొదలవుతుంది. దీనికి ప్రమాణం కావాలంటే ఓర్చుకోమని బోధించిన ఆ సారథి నడవడినే చూడాలి.

ద్రోణపర్వంలో పద్నాలుగో రోజు యుద్ధం. సూర్యుడు అస్తమించేలోగా సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుడి ప్రతిజ్ఞ. పొద్దు వాలుతోంది. సైంధవుడు ఇంకా దూరంలోనే ఉన్నాడు. గుర్రాలు బాణాలు తగిలి, దప్పికతో అలసిపోయాయి. ప్రతి క్షణమూ విలువైన ఆ ఘడియలో కృష్ణార్జునులు రథం ఆపారు. అర్జునుడు నేల మీదికి దిగి, చుట్టుముట్టిన సేనను ఒంటరిగా నిలువరించాడు. అస్త్రంతో భూమిని చీల్చి కొలను పుట్టించాడు, బాణాలతోనే ఇల్లు కట్టాడు. కృష్ణుడు ఆ నీడలో గుర్రాలను విప్పి, వాటి ఒంట్లోని బాణాలను తన చేతులతో పీకాడు. ఒళ్లు నిమిరాడు, నీళ్లు తాగించాడు, కడిగాడు, మేత పెట్టాడు. అలసట తీరాక మళ్లీ రథానికి పూన్చాడు.

వచ్చిపోయేవాటిని ఓర్చుకోమని నరుడికి చెప్పినవాడు, ఒంట్లో దిగిన బాణాలను ఓర్చుకోమని గుర్రాలకు చెప్పలేదు. పీకగలిగిన బాణాన్ని పీకాడు. యోగక్షేమాలు నేనే వహిస్తానని తొమ్మిదో అధ్యాయంలో మాట ఇచ్చినవాడు ఆ క్షేమాన్ని మాటలతో సరిపెట్టలేదు, గుర్రపుశాల పనివాడిలా చేతులు తడుపుకున్నాడు. లేనిదాన్ని పొందడం యోగం, ఉన్నదాన్ని కాపాడుకోవడం క్షేమం అని ఆ శ్లోకానికి శంకరుల వివరణ. మన శ్రద్ధంతా యోగం మీదే ఉంటుంది. కొత్త దూరం, కొత్త కొండ, కొత్త సైకిలు. క్షేమం చూడటానికి మాత్రం తీరిక ఉండదు.

దూరప్రయాణాల సైకిలిస్టులకు ఇది అనుభవమే. బ్రెవే అనే ప్రయాణంలో 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు 40 గంటల్లో పూర్తిచేయాలి. ఎవరి సైకిల్ బాగోగులు వారివే, వెంట వాహనం సాయం పనికిరాదు. గడువు తరుముతుంటే చైన్ కిర్రుమంటున్నా ఆగబుద్ధి కాదు. ఆగి నాలుగు చుక్కల నూనె వేసినవాడు పోగొట్టుకున్న నిమిషాలు తర్వాతి దారిలో తిరిగి వస్తాయి. చలికాలానికి దాని పనులు దానికున్నాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ట్యూబులో ఒత్తిడి సుమారు 3 శాతం పడిపోతుంది, గ్రీజు చిక్కబడుతుంది. పొగమంచులో దీపం, బ్రేకు రెండూ సిద్ధంగా ఉండాలి. ఇవన్నీ ముందు రోజు సాయంత్రం ఇంట్లో చూసుకోవలసినవి. యోగసూత్రాలు చెప్పిన నియమాల వరస గమనించండి. శౌచం, సంతోషం, ఆ తర్వాతే తపస్సు. తుడిచి శుభ్రం చేయడం ముందు, చలిలోకి వెళ్లడం తర్వాత.

చైన్ విషయమే తీసుకుందాం. ఒక్కో లింకు అరంగుళం. ఇరవై నాలుగు లింకులు కొలిస్తే కొత్త చైన్ సరిగ్గా 12 అంగుళాలుంటుంది. అది అంగుళంలో పదహారో వంతు పెరిగితే మార్చేయాలి. ఎనిమిదో వంతు దాటిందంటే వెనక గేర్ల పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి. చైన్ సాగిందని అందరూ అంటారు గాని అక్కడ ఉక్కేమీ సాగదు. కలిసే చోట ఉండే పిన్నులు దుమ్మూ ఇసుకా నలిగి ఒక్కొక్కటీ కంటికి కనిపించనంత అరుగుతాయి. ఆ అరుగుదలలన్నీ కలిసి మొత్తం చైన్ పొడవు పెంచుతాయి. సంసారంలోనూ అరుగుదల కలిసే చోటే జరుగుతుంది. భార్యాభర్తలు, తండ్రీకొడుకులు, అన్నదమ్ములు ఎవరికి వారు మంచివాళ్లే. ఇద్దరి మధ్య చేరిన ఇసుకను వేళకు తుడవరు. ఒకనాడు పన్ను జారితే ఆ రోజును తప్పుపడతారు.

ఇక్కడే మన ఓర్పు ఎంత తలకిందులైందో తెలుస్తుంది. సరిచేయగలిగినవాటిని నెలల తరబడి ఓర్చుకుంటాం, సరిచేయలేని చలిని మాత్రం రోజూ తిట్టుకుంటాం. వంటింట్లో కుళాయి బొట్టుబొట్టుగా కారుతుంటుంది. ఒక వాషర్ మారిస్తే ఆగుతుంది. పడకగది తలుపు బందులు కీచుమంటుంటాయి. చైన్‌కు వేసే నూనెలో రెండు చుక్కలు చాలు. ‘‘ఏమండీ, ఆ సైకిల్‌కున్న అదృష్టం ఈ కుళాయికి ఎప్పుడు పడుతుందో’’ అని ఇల్లాలు అంటే, అందులో హాస్యం పాలు కొంచెమే. గుర్రాన్ని కడిగి, రథశాల పైకప్పు కారుతున్నా పట్టించుకోనివాడు సారథ్యంలో సగమే నేర్చుకున్నాడు. గృహస్థుకు ఇల్లు కూడా రథమే.

అప్పుడు అసలు తపస్సు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. నాలుగు గంటల అలారానికి అతడొక్కడే లేవడు. పక్కన నిద్రపోయేవారు లేస్తారు, కొత్తగా పొత్తిళ్లలో బిడ్డ ఉంటే ఆ బిడ్డా లేస్తుంది. అతడు అనంతగిరి నుంచి తిరిగొచ్చేదాకా ఇంటి పనంతా మరొకరు లాగుతారు. బురద బట్టలు ఆ చలినీళ్లలో ఎవరో నానబెడతారు. ఎదురుచర్య లేకుండా, విలపించకుండా ఓర్చుకోవడమే తితిక్ష అయితే ఆ ఇంట్లో దాన్ని సాధించినవారు వేరే ఉన్నారు. పేరు మాత్రం గ్లౌజులు వేసుకున్నవాడికి వచ్చింది. పైగా వారిది కోరి తెచ్చుకున్న ఓర్పూ కాదు, ఇతడి ఏమరుపాటు వారి నెత్తిన పెట్టినది.

కనుక చలికాలపు సైకిల్ ప్రయాణం తపస్సేనా అన్న ప్రశ్నకు దారి మీద జవాబు దొరకదు. సరిచేయగలిగినదాన్ని వెంటనే సరిచేయడం కర్తవ్యం. చేయగలిగిందంతా చేశాక మిగిలిన చలిని గొణుగుడు లేకుండా స్వీకరించడం తితిక్ష. ఈ రెంటికీ తేడా తెలియడం వివేకం. ఇంకొకరి ఓర్పు మీద బతుకుతూ దాన్ని తన సాధన అనుకోవడం ఈ మూడింటిలో ఏదీ కాదు. రేపు వేకువన బయల్దేరేవాడు ఈ రాత్రి టైర్లలో గాలి చూసుకోవాలి. కుళాయి వాషర్ కూడా మార్చాలి. ఏ వేళకు తిరిగి వస్తాడో ఇంట్లో చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి. ఆ తర్వాత వీచే చలి ఒక్కటే అతడు ఓర్చుకోవలసింది.