బానే ఉన్నాం

పోయిన చలికాలం నేను సరిచేసిన బగ్‌ని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: తీగ తెగినా, తెగలేదని చెప్పే డ్రైవర్.

వర్చువల్ మెషీన్‌లో నెట్‌వర్క్ కార్డు నిజం కార్డు కాదు. దానికి కేబుల్ ఉండదు, మిణుకుమనే పచ్చలైటు ఉండదు. నిజం కార్డుకైతే కేబుల్ పీకగానే చిప్‌కి తెలుస్తుంది, డ్రైవర్ ఆ సంగతి కెర్నెల్‌కి చెప్తుంది. లినక్స్‌లో దీన్ని క్యారియర్ అంటారు. మా డ్రైవర్ రాసిన వాళ్ళెవరో బూట్ అయ్యేటప్పుడు ఒకసారి 'క్యారియర్ ఉంది' అని చెప్పించేసి, మళ్ళీ అటు చూడలేదు. లేని కేబుల్ ఊడదు కదా, అదీ లెక్క. కానీ కింద హోస్ట్‌లో నిజం కేబుల్ ఉంది. ఒకరోజు అది ఊడింది.

ఒకటి పోతే రెండోది అందుకోవాలని పైన రెండు కార్డుల్ని బాండింగ్‌తో జతకట్టారు. మొదటిది 'బానే ఉన్నా' అంటూనే ఉంది. రెండోది ఖాళీగా కూర్చునే ఉంది. ప్యాకెట్లన్నీ గాల్లో కలిసిపోయాయి.

అదే వారంలో నరసరావుపేట నుంచి బాబాయి ఫోన్ చేశాడు. ఏదో పొలం కాయితాల సంగతి మాట్లాడుతూ, మధ్యలో, "మీ నాన్నకి స్టెంటేసి తొమ్మిది రోజులైంది గదా, ఇంక పర్లేదులేరా" అన్నాడు. ఆ తొమ్మిది రోజులూ నేను హైదరాబాద్ నుంచి రోజూ రాత్రి అమ్మకి ఫోన్ చేస్తూనే ఉన్నాను. రోజూ ఒకటే జవాబు. "బానే ఉన్నాంలే నాన్నా. నువ్వు తిన్నావా?"

ఇద్దరూ నాకు అబద్ధమే చెప్పారా? మొదట అలాగే అనిపించింది. తర్వాత ఆలోచిస్తే రెండూ ఒకటి కావనిపించింది. బెర్నార్డ్ విలియమ్స్ 2002లో వచ్చిన 'ట్రూత్ అండ్ ట్రూత్‌ఫుల్‌నెస్'లో నిజానికి రెండు సుగుణాలు కావాలంటాడు: సరిగ్గా తెలుసుకోవడం, తెలిసింది దాచకుండా చెప్పడం. మా డ్రైవర్‌కి దాచాలన్న ఉద్దేశం లేదు, అసలు తెలుసుకోలేదు. అమ్మకి అన్నీ తెలుసు. ఏ గంటకి ఏ మాత్ర వెయ్యాలో కూడా తెలుసు. చెప్పలేదు.

డ్రైవర్‌కి మూడో దారి ఒకటుంది. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పరిస్థితికి 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2863 ఏడు పేర్లు పెట్టింది. అప్, డౌన్‌లతో పాటు 'అన్‌నోన్' కూడా అందులో ఉంది. మీ లినక్స్ మెషీన్‌లో లూప్‌బ్యాక్ స్థితి చూడండి, 'అన్‌నోన్' అనే ఉంటుంది. దానివల్ల ఏ పనీ ఆగదు. అదే వర్చువల్ కార్డుల్లో బాగా వాడే వర్ట్-ఐఓ ప్రమాణం ఏమంటుందంటే, లింక్ స్థితి తెలుసుకునే సౌకర్యం కుదరకపోతే, లింక్ ఉందనే అనుకోమంటుంది. పని నడవాలి కదా, కాబట్టి అది సబబే. కానీ 'ఉందనుకుంటున్నాను'కీ 'ఉంది'కీ మధ్య తేడా వినేవాడి దాకా చేరదు. దాంతో ఒకరి అనుకోలు ఇంకొకరికి సాక్ష్యమైపోతుంది.

ఇంక అమ్మ సంగతి. వామన చరిత్రలో శుక్రాచార్యుడు బలికి అబద్ధమాడినా పాపం లేని సందర్భాలు ఏకరువు పెడతాడు. ప్రాణం మీదికొచ్చినప్పుడన్నది అందులో ఒకటి. 1797లో కాంట్ దీనికి పూర్తిగా అడ్డం తిరిగి, స్నేహితుణ్ణి చంపడానికి వెతుక్కుంటూ వచ్చినవాడితో కూడా అబద్ధమాడకూడదన్నాడు. ఇద్దరూ చూసింది చెప్పేవాడి పుణ్యపాపాలే ఎక్కువ. బాండింగ్ కోడ్ చదువుతుంటే నాకు రెండో కార్డు కనబడింది. మొదటిది నిజం చెప్తే తప్ప దానికి పనే లేదు. అమ్మ నా మనశ్శాంతి కాపాడింది, నిజమే. కానీ ఆ తొమ్మిది రోజులూ నాన్న మంచం పక్కన ఒక రాత్రి కూర్చునే వంతు నాకు లేకుండా పోయింది. అది అమ్మ ఒక్కతే మోసింది.

ఇక్కడితో ఆపితే నేను గెలిచినట్టుంటుంది. కానీ ఫిక్స్ వెళ్ళిన వారానికే కొత్త ఫిర్యాదులొచ్చాయి. స్విచ్ రెండు సెకన్లు తడబడినా కార్డు డౌన్ అంటోంది, అలారాలు మోగుతున్నాయి, ట్రాఫిక్ అటూ ఇటూ గెంతుతోంది. పాత డ్రైవరే నయమన్నారు. దీనికి బాండింగ్‌లో 'డౌన్‌డిలే' అని ఒక అమరిక ఉంది. లింక్ పోయిందని తెలిసినా ఇన్ని మిల్లీసెకన్లు ఆగు, అప్పటికీ రాకపోతే అప్పుడు తీసెయ్ అని.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మని అడిగాను. "రెండ్రోజులు చూసి చెబ్దామనుకున్నారా. నీ సంగతి తెలుసు గదా" అంది. తెలుసు. అంతకుముందోసారి నాన్నకి జ్వరమని చెప్తే గంటకి ఐదు ఫోన్లు చేసి, డాక్టరు రాసిన మందుల్ని నెట్‌లో వెతికి తప్పుపట్టి, రాత్రి బస్సుకి వచ్చి, మర్నాడు మీటింగ్ ఉందని మధ్యాహ్నానికే వెళ్ళిపోయాను. ఆ రోజు అమ్మకి రోగి ఒకరు కాదు, ఇద్దరు. డౌన్ అని చెప్తే ఏం జరుగుతుందో ఆమెకి నేర్పింది నేనే. ఆమె డౌన్‌డిలే పెట్టుకుంది. అది ఎంతో నాకు చెప్పకపోవడం ఆమె తప్పు, దాని అవసరం కల్పించడం నాది.

బాండింగ్‌లో ఇంకో పద్ధతి ఉంది, ఏఆర్‌పీ మానిటరింగ్. ఇందులో లింక్ ఉందా అని కార్డుని అడగరు. అవతల ఎవరికో చిన్న ప్రశ్న పంపి, జవాబు వస్తోందా లేదా అని చూస్తారు. నాకిది కొత్త సంగతేం కాదు. 1967లో నీళ్ళు వదిలిన సాగర్ కుడికాలవ పొడుగు 203 కిలోమీటర్లు. అంత పొడుగు కాలవకి గేటెత్తారంటే, ఆ మాట నిజమైనా, నీళ్ళు మన చేలోకొచ్చాయని కాదు. కాలవొదిలారని ఊరంతా అనుకుంటున్నా నాన్న నమ్మేవాడు కాదు. సైకిలేసుకుని పోయి, మా తూము దగ్గర కాలవలో దిగి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో కాలికి చూసుకుని వచ్చేవాడు.

ఇప్పుడు నేను అమ్మని "బాగున్నారా?" అని అడగడం మానేశాను. "నాన్న పొద్దున ఎందాకా నడిచాడు?" అని అడుగుతున్నాను. రైల్వేగేటు దాకా అంటుంది. ఒకరోజు "ఇయ్యాల వాకిలి దాకేరా, ఆయాసమన్నాడు" అంది. సరే అన్నాను. వెంటనే ఇంకో ఫోన్ చెయ్యలేదు. మర్నాడు మళ్ళీ అడిగాను.