బడి విడిచిన వేళ: సంరక్షణ భావనపై ఒక నైతిక పరిశీలన

2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ బాల్యాన్ని ఆరేళ్ల వయస్సు దగ్గర రెండుగా విభజించింది. ఆరేళ్లు నిండని పిల్లలకు సంరక్షణను, విద్యను అందించడానికి రాజ్యం కృషి చేయాలని 45వ అధికరణం చెబుతుంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల బాలలకు 21-ఏ అధికరణం ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది; సంరక్షణ అన్న మాట అందులో లేదు. హక్కు బలపడిన చోటనే ఒక పదం జారిపోవడం గమనించదగిన విషయం. బడి ఆ లోటును కొంత పూడుస్తుంది, అయితే బడి గంటల మేరకే. సాయంత్రం బడి విడిచినప్పటి నుంచి తల్లిదండ్రులు పొలం నుంచో, కార్ఖానా నుంచో, కార్యాలయం నుంచో తిరిగివచ్చే దాకా ఆ బిడ్డ ఎవరి బాధ్యత?

పూర్వం ఉమ్మడి కుటుంబం చూసుకొనేదన్న సమాధానం తరచు వినవస్తుంది. ఈ వాక్యంలో కర్త అస్పష్టం. కుటుంబమనే సముదాయం బిడ్డకు అన్నం పెట్టదు, ముక్కు తుడవదు. ఆ పని చేస్తూ వచ్చినది ఒక అమ్మమ్మ, ఒక మేనత్త, మరీ ముఖ్యంగా ఇంటి పెద్దకూతురు. చంకన తమ్ముణ్ణి ఎత్తుకొని, తోటివారి తొక్కుడుబిళ్ల ఆటను అరుగు మీద నుంచి చూసే పదేళ్ల పిల్ల తెలుగు పల్లెకు కొత్త కాదు. ఆ పిల్లను బుద్ధిమంతురాలని మెచ్చుకోవడమూ కొత్త కాదు. సంరక్షణలో ఏర్పడిన ఖాళీ ఖాళీగా ఉండిపోదు. ఎవరో ఒకరి బాల్యాన్ని వెచ్చించి దానిని పూరించడం జరుగుతుంది. అందువల్ల ఇది సౌకర్యానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించినది.

నేడు డబ్బు చెల్లించగలవారికి ట్యూషన్ ఉన్నది. ‘ట్యూషన్‌లో ఉన్నాడు’ అని తల్లి చెప్పినప్పుడు ఆ మాటలో చదువుకంటె భద్రతను గురించిన ఊరటే ఎక్కువ. నిజానికి ఆమె కొనుక్కొన్నది రెండు గంటల సంరక్షణ. సంరక్షణకు స్వతంత్రమైన గౌరవం లేనందువల్ల దానిని చదువు పేరిట కొనవలసి వస్తున్నది. పర్యవసానంగా పిల్లవాడు ఉదయం అప్పజెప్పిన ఎక్కాలనే సాయంత్రం మళ్లీ అప్పజెబుతాడు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పడాన్ని నిషేధించింది. అది ఉపాధ్యాయుని నడవడికను గురించిన నియమం. పిల్లవాడి సాయంత్రం దాని పరిధిలోకి రాదు.

కాపలా కాయడం వేరు, కనిపెట్టుకొని ఉండటం వేరు అన్న ఎరుక తెలుగు నుడికారంలోనే ఉన్నది. కాపలా చేనుకు, ధనానికి. కాపలాదారుని చూపు బయటి దొంగ మీద ఉంటుంది. లోపలి వస్తువుకు ఇష్టాయిష్టాలు లేవు. రోగిని, వృద్ధులను, బిడ్డను కనిపెట్టుకొని ఉంటారు. అక్కడ చూపు ఎదుటి మనిషి మీదనే. ‘కనిపెట్టు’ అన్న క్రియకు తెలుసుకొనడమనే అర్థం కూడా ఉండటం యాదృచ్ఛికం కాకపోవచ్చు. బిడ్డకు ఆకలిగా ఉన్నదో, మనసు కష్టపడిందో, ఊరక కూర్చోవాలని ఉన్నదో తెలుసుకోనివారు తలుపు దగ్గర ఎంతసేపు నిలిచినా అది కాపలాయే.

సాయంత్రాలను కూడా సంస్థలకు అప్పగిస్తే బాల్యమంతా కాలపట్టికలో ఇమిడిపోతుందనే అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. బిడ్డల మీద పెద్దల అధికారాన్ని చలం ‘బిడ్డల శిక్షణ’లో ప్రశ్నించిన తరువాత తెలుగు పాఠకుడు ఈ భయాన్ని తేలికగా తీసుకోలేడు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక కూడా తన 31వ అధికరణంలో విశ్రాంతిని, ఆటను హక్కుగా గుర్తించింది. భారతదేశం 1992లో దానిని అంగీకరించింది. అయితే తాళం వేసిన ఇంటి గడప మీద కూర్చున్న పిల్లకు ఉన్నది స్వేచ్ఛ కాదు, నిరీక్షణ. ఏ పనీ పురమాయించకుండా, పిలిస్తే పలికేటంత దూరంలో పెద్దవారొకరు ఉన్నప్పుడే ఆమె తీరిక తీరిక అవుతుంది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ వంటి సంస్థలు పిల్లలకు కళలలో శిక్షణ ఇస్తున్నాయి. తీసుకువెళ్లి తీసుకురాగల పెద్దలున్న పిల్లలకే అవి ఎక్కువగా అందుబాటులో ఉంటాయి.

అరుగు మీది పిల్లను 1986 నాటి జాతీయ విద్యావిధానం చూడకపోలేదు. తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకొనే బాలికలు బడికి రాగలిగేందుకు పగటి సంరక్షణ కేంద్రాలు ఏర్పాటు చేయాలని అది పేర్కొన్నది. బడికి రావడానికి ఆమెకు ఏది అడ్డమో గ్రహించింది. బడి విడిచాక ఆమె ఏమవుతుందని అడగలేదు. అంగన్‌వాడీ మూసే వేళకు తెరిచే కేంద్రం బడి ఈడు పిల్లలకే ప్రవేశమంటే, చంకలోని తమ్ముడు ఆమెను గడప దగ్గరే ఆపివేస్తాడు. సాయంకాల కేంద్రాలను రూపొందించేవారు ముందుగా తేల్చుకోవలసినది అక్కడ నేర్పే అంశాలను కాదు, ఆ తమ్ముణ్ణి లోపలికి రానిస్తారా లేదా అన్నదానిని.