తండ్రిమాట – త్రాసు

కల్పసూత్రములోని వృత్తాంతము మీరెరిగినదే. తల్లికి నొప్పి కలుగునని వర్ధమానస్వామి గర్భమందు కదలక యుండెను. శిశువునకేమైనదోయని త్రిశలాదేవి దుఃఖింపగా మరల కదలి, తలిదండ్రులు జీవించియుండగా సన్యసింపనని నిశ్చయించుకొనెను. వారు గతించిన పిదప అన్న నందివర్ధనుని అనుమతితో 30వ యేట దీక్ష గొనెను.

ఈ కథ చెప్పి పిల్లలను లోబరచుకొనుట మనకు అలవాటు. కాని అందు తల్లి ఆజ్ఞాపించినదెక్కడ? ఆమె ప్రేమయే కుమారుని కట్టివేసినది.

కే.వి.కుప్పము, గుడియాత్తము బజారులలో బడి విడువగానే మన పిల్లలు అంగడికి వత్తురు. "అబద్ధమాడకురా" యని గద్దించిన తండ్రియే తక్కువ తూచినచో, బిడ్డ నేర్చుకొనునది దేనిని? కూటతులా కూటమానములు అచౌర్యాణువ్రతమునకు అతిచారములు గదా! ఈ పర్యూషణమున వానిని ప్రతిక్రమణమునకు పొమ్మనుటకు ముందు, మీ త్రాసును వానినే సరిచూడనిండు. లోపము తేలినచో వాని యెదుటనే 'మిచ్ఛామి దుక్కడం' చెప్పుడు.